కాగితం మిషను

"ఆ స్క్రీన్ మిషను నిద్రపోయిందనుకో, తుఫానొచ్చినా చెప్పదు కదరా?" అంది దీనమ్మ, ఇంకా పొయ్యి కూడా వెలిగించకుండానే.

ఫరంపేటలో వాళ్ల వంటింటి గట్టు మీద రెండు యంత్రాలున్నాయి. రెండూ సముద్రం మీది వాతావరణం, ప్రమాద హెచ్చరికలు అందుకునేవే. ఒకటి వాటిని కాగితం మీద అచ్చు వేస్తుంది, రెండోది స్క్రీన్ మీద చూపిస్తుంది. ఊళ్లో డబ్బున్న లూయిస్‌గారు మోజుపడి కొన్న తెరచాప పడవ, యాట్‌కి వీటిలో ఏది బాగుంటుందో తేల్చే పని దీనమ్మ కొడుకు కిరణ్‌కుమార్‌ది. ఇవాళ ఆ యాట్‌ని గోదావరి సముద్రంలో కలిసే మొగ దాకా ఒక్కడే నడిపి వెనక్కి తెస్తే, దాన్ని నడిపే ఉద్యోగం కూడా అతనిదే.

"స్క్రీన్‌ది మేలమ్మా" అన్నాడు కిరణ్.

"అది ఆరిపోతే? కాగితమైతే చేతిలో ఉంటాది. అదే పట్టుకెళ్లు."

"సరే. మన తీరం కబుర్లే వచ్చేలా పెట్టాను. దాన్ని ముట్టుకోకు."

"ఏం, మిగతా సముద్రం వేరే దేవుడిదా?"

అతను స్నానానికి వెళ్లగానే దీనమ్మ, కూతురు అనూష చేత మిషన్లో ఆపి ఉంచిన దూర తీరాల స్టేషన్లన్నీ తెరిపించేసింది. మిషను చిన్న చీటీ ఒకటి కక్కింది. దాన్ని చింపి, తీరిగ్గా చూద్దామని బైబిల్లో పెట్టుకుంది.

కిరణ్ మిషను పట్టుకుని రేవుకు, అనూష కాలేజీకి వెళ్లాక చీటీ తీసింది. ఐదో తరగతి ఇంగ్లీషుకు రెండే మాటలు అందాయి: బోట్, మిస్సింగ్. ఎక్కడో అండమాన్ అవతల తప్పిపోయిన పడవ గురించి అది. కానీ దీనమ్మ లెక్క వేరు. రేపటి వానను ఇవాళే చెప్పే మిషను, కాసేపట్లో తప్పిపోయే పడవను ఇప్పుడే చెప్పదా?

కొడుక్కి ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు. ఇక చర్చి సంఘంలోని ప్రార్థన గొలుసును కదిలించింది. ఆ గొలుసుకు ఒకటే నియమం: ఫోన్ రాగానే ప్రశ్నలడక్కుండా ప్రార్థించాలి, తర్వాతి ఇంటికి ఫోన్ చెయ్యాలి.

"రెబెకా, మావోడి పడవకి గండముందని మిషను చెప్పిందే!"

కబురు కనకాలపేట చేరేసరికి పడవ ఒరిగింది. అడవిపొలం చేరేసరికి మునిగింది. గంట తిరక్కుండా గొలుసు చుట్టూ తిరిగి మళ్లీ దీనమ్మ ఫోన్‌కే వచ్చింది.

"అక్కా, ఎవరో కుర్రోడి పడవ మునిగిపోయిందంటండీ, పాపం. ప్రార్థన చెయ్యండి."

"చూశారా, నే ముందే అన్నాను!" అని దీనమ్మ గొల్లుమంది.

మధ్యాహ్నానికి ఇల్లు నిండిపోయింది. పాస్టరుగారు వచ్చారు. లూయిస్‌గారు సగం గీసిన గడ్డంతో వచ్చి, పడవ కోసమో పిల్లాడి కోసమో తెలియకుండా కళ్లు తుడుచుకుంటూ కుర్చీలో కూలబడ్డారు. అందరూ తలలు వంచారు.

అప్పుడే కిరణ్ వచ్చాడు. గుమ్మం నిండా చెప్పులు చూసి, ఈ వారం ప్రార్థన కూడిక తమ ఇంట్లోనే కాబోలు అనుకుని, వెనక నిలబడి తనూ తల వంచాడు.

"నీ బిడ్డ ఏ కెరటాల్లో ఉన్నా, ప్రభువా, ఇంటికి చేర్చు!" అన్నారు పాస్టరుగారు.

"ఆమెన్!" అన్నాడు కిరణ్, అందరికంటే గట్టిగా.

దీనమ్మ కళ్లు తెరిచింది. లేచి, జనాన్ని తోసుకుంటూ వెళ్లి, ముందు వీపు మీద ఒకటి చరిచి, తర్వాత కావలించుకుంది.

"ఫోనెత్తవేంట్రా సచ్చినోడా!"

"పడవ లోపల ఛార్జింగుకి పెట్టానమ్మా, వినపడలేదు. ఎవరు పోయారు?"

"నువ్వే" అంది రెబెకా.

లూయిస్‌గారు లేచారు. "మరి నా పడవేదిరా?"

"రేవులోనే ఉందండి. అసలు కట్టిన తాడే విప్పలేదు. ఎవరో స్టేషన్లన్నీ తెరిచేశారండి. మన తీరానికి అక్కర్లేని కబుర్లన్నీ పొద్దుట్నుంచీ అచ్చేసి మిషన్లో కాగితం అయిపోయింది. అది పని చెయ్యకుండా సముద్రం మీదకెలా ఎల్తానండి? ఇంకో రోలు తీసుకెళ్దామని వచ్చాను."

అంటే, చెప్పిన పని చెయ్యలేదు. దీనమ్మ చేతిలో చీటీ నలుగుతోంది. తన చేతులతోనే కొడుకు ఉద్యోగం ఊడగొట్టానని ఆమెకు అర్థమైంది. లూయిస్‌గారు ఆ చీటీ తీసుకుని చదివారు, కిరణ్ వంక చూశారు, గుమ్మంలోని చెప్పుల వంక చూశారు.

"హెచ్చరిక మిషను లేకుండా కదలనోడే నా పడవకి కావాలి. సోమారం నుంచి పనిలోకి రా" అన్నారు చివరికి. "స్క్రీన్ మిషనే కొందాం. చింపి ఊరంతా చాటడానికి చీటీ ఉండదు."