చైర్మన్ గారి ఫస్ట్ క్లాసు

"తెలియనివారికి కంప్యూటర్ నేర్పడంలో ఉన్న ఆత్మతృప్తి ఏ పదవిలోనూ లేదు" అని కంప్యూటర్ అక్షరాస్యతా మిషన్ చైర్మన్ ఈరన్న గారు గద్వాలలో పత్రికలవారిని పిలిచి మరీ ప్రకటించారు. ఆ పదవి కోసం ఎన్ని గడపలు తొక్కారో మాత్రం వినయం కొద్దీ చెప్పలేదు. అంతటితో ఆగితే ఆయన ఈరన్న గారెందుకవుతారు? ఉప్పునుంతల కేంద్రంలో కూలి జనం పక్కన కూర్చుని తానూ పరీక్ష రాస్తానన్నారు.

ఆ కేంద్రంలో పాఠాలు చెప్పేది అర్చన. తృప్తి ఆమెకూ ఉంది గానీ, దానికి ప్రెస్ మీట్ పెట్టాలని తోచలేదు. ఆ తృప్తి పేరు పెంటమ్మ. మొదటిరోజు మౌస్ ముట్టుకోమంటే చెయ్యి కొంగుకు తుడుచుకుని వెనక్కి తగ్గిన మనిషి. "పత్తి ఏరినట్టు పట్టుకో పెద్దమ్మా, మెల్లగ" అని అర్చన చెప్పాక ఇక ఆ చెయ్యి ఆగలేదు. తన పేరు తానే టైపు చేసుకుని పెంటమ్మ నవ్విన రోజు అర్చనకు కళ్లు చెమర్చాయి. పాసై సర్టిఫికెట్ తెస్తానని పెంటమ్మ అప్పుడే చర్చిలో అందరికీ చెప్పేసింది.

పరీక్షనాడు చైర్మన్ గారు పెంటమ్మ పక్క కుర్చీని పావనం చేశారు. మొదటి జవాబు మీద మౌస్‌ని గట్టిగా నొక్కి పట్టి, చెవి రిక్కించారు.

"బీప్ రాలేదేంది?"

"రాదు సార్. ఇది ఓట్ల మిషన్ కాదు" అంది అర్చన.

"మరి పడ్డదని ఎట్ల తెలుస్తది?"

ప్రజాస్వామ్యం మీద ఆయనకున్న నమ్మకానికి అందరూ ముగ్ధులయ్యారు. పరీక్ష జరిపేవాళ్లు మౌస్ ముట్టకూడదని రూలు, అందుకని అర్చన చేతులు కట్టుకుని నిలబడింది. చైర్మన్ గారి పీఏ ప్రదీప్ కిటికీలోంచి బయటికి చూశాడు. పెంటమ్మకే మనసొప్పలేదు.

"గట్ల గొంతు పిసికినట్టు పట్టుకుంటరా సారూ? జర ఇటు తే." లేచి వచ్చి ఆయన చేతి మీద చెయ్యి వేసింది.

"పెద్దమ్మా, నీ పరీక్ష!"

"పోత బిడ్డా, గీ ఒక్కటి కానీ."

ఒక్కటి అయ్యాక ఇంకొకటి మొరాయించింది. చైర్మన్ గారి వెంట వచ్చిన ఫొటోగ్రాఫర్ తన పని తాను చేసుకున్నాడు. చైర్మన్ గారిని చివరి ప్రశ్న దాటించేసరికి పరీక్షకిచ్చిన గంట అయిపోయింది, పెంటమ్మ పరీక్ష దానంతటదే మూసుకుపోయింది.

మర్నాడు పేపర్లో ఆ ఫొటో వచ్చింది. కింద, "నిరుపేద కూలీకి చేయి పట్టి కంప్యూటర్ నేర్పుతున్న చైర్మన్ ఈరన్న." ఫలితాలూ వచ్చాయి. చైర్మన్ గారు ఫస్ట్ క్లాస్. పెంటమ్మ ఫెయిల్.

అర్చన కోపం దిగమింగుకుని ప్రదీప్‌కు ఫోన్ చేసింది. "ఆమెకు అన్నీ వచ్చు సార్. ఇంకోసారి పరీక్ష పెట్టించుండ్రి."

"రూల్సు అందరికీ ఒకటే మేడం. చైర్మన్ సారు తనంతట తానే కష్టపడి పాసైండు. అయినా సారు పరేషాన్ అయితుండు, తన చేత్తోని నేర్పిన మనిషి ఫెయిలైందని. సోమవారం స్వయంగ వచ్చి ఆమెకు మొదటి నుంచి క్లాసు చెప్తడట."

ఈ సంగతి ఎలా చెప్పాలో తెలియకుండానే అర్చన చేను దాకా నడిచింది. ఫెయిలన్న మాటకు పెంటమ్మ ముఖం చిన్నబోయింది. "ఆదివారం చర్చిల ఏం చెప్పుకోవాలె?" అంటూ వంగి మళ్లీ పత్తి ఏరసాగింది. క్లాసు సంగతి విన్నాక తలెత్తింది.

"సోమారమా? అయితే కూలి ఇడిచిపెట్టి జల్ది వస్త బిడ్డా. పాపం, సారుకు ఇంకా దాన్ని ఆన్ చేసుడు గూడ రాదు."