మధ్య సీట్లో పెద్దత్తయ్య

కొత్త దంపతులు సినిమాకి వెళ్తే వాళ్ళ మధ్య సీట్లో ఓ పెద్దావిడ కూర్చుని తీరాలని చట్టం చేయాలి! నవ్వకండి. ఇవాళ పొద్దున్న దాకా నేనూ నవ్వేదాన్నే.

పొద్దున్నే మా ఆయన చెప్పులైనా విడవకుండా గుమ్మంలోంచే శుభవార్త చెప్పారు. వీధి చివరి థియేటర్లో ఆ పాత సినిమా మళ్ళీ వేస్తున్నారట. అమ్మానాన్నలు పోయిన ఇద్దరు పిల్లల్ని ఓ గయ్యాళి పెద్దమ్మ పెంచే కథ. పెళ్లయ్యాక మా మొదటి సినిమా! నేను చీర మార్చుకుని వచ్చేసరికి పెద్దత్తయ్య గొడుగు పట్టుకుని గేటు దగ్గర సిద్ధంగా ఉన్నారు.

పెద్దత్తయ్యంటే మా ఆయనకి పెద్దమ్మ. కన్నవాళ్ళు పోతే ఆయన్నీ, ఆయన తమ్ముణ్ణీ తెచ్చి పెంచింది ఆవిడే. హాల్లో సరాసరి మా ఇద్దరి మధ్య కూర్చున్నారు.

"పక్కపక్కన కూర్చోబెడితే గిల్లుకుంటారు" అన్నారు.

అన్నదమ్ములకి అలాగే సినిమాలు చూపించారట. ఇప్పుడు మరిది సీటు నాకొచ్చింది.

గిల్లుకోవడానికి కాకపోతే సినిమాకెందుకు వస్తామండీ?

అయినా లాభాలు చూడండి. ఆవిడ ఓ చూపు చూస్తే ముందు వరస ఫోన్లు వాటంతటవే ఆరిపోయాయి. వెనక సీటువాడు కాళ్ళు దించుకున్నాడు. ఏసీ కూడా భయపడి చల్లదనం తగ్గించింది. సరిహద్దు తగాదాలున్న దేశాలు మా ఇంటికి కబురు పెడితే మంచిది.

తెరమీద పెద్దమ్మ పిల్లల్ని చీకటి గదిలో పెట్టి గడియ వేసింది. హాలంతా ముక్కులు చీదింది. పెద్దత్తయ్య మాత్రం "ఏం, తప్పేముంది?" అన్నారు.

"పసివాళ్ళు కదా అత్తయ్యా, పాపం."

"పసివాళ్ళే. పక్క తడిపితే దుప్పట్లు ఎవరు ఉతికారో ఈ సినిమా తీసినవాడు చూపించాడా? జ్వరమొస్తే ఎవరు మేలుకున్నారో చూపించాడా? గడియ ఒక్కటే కనపడింది వాడికి."

తిరిగి చూస్తే మా ఆయన ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుని, ఆవిడ కొంగుతోనే కళ్ళు తుడుచుకుంటున్నారు.

నేనూ ఏడ్చాను. సగం ఆ పిల్లల కోసం. మిగతా సగం, మా ఆయన రెండో చెయ్యి పాప్‌కార్న్ డబ్బాలో ఉన్నందుకు.

ఇంటికి రాగానే ప్రకటించేశాను. "రేపు మళ్ళీ ఇదే సినిమా, ముగ్గురం. మధ్య సీటు మాత్రం నాది అత్తయ్యా. ఓ చెయ్యి మీకు, ఓ చెయ్యి ఆయనకి."

పెద్దత్తయ్య గొడుగు మూలన పెడుతూ, "సరే, వాడు గిల్లితే నాతో చెప్పు" అన్నారు.

చచ్చినా చెప్పను.