గ్రీమర్ నౌక నిష్కళంక సేవాచరిత్ర

సృష్టిలో ప్రతి ప్రాణికీ ఒక ధర్మమున్నట్లే ప్రతి నౌకకూ ఒక నిబంధనావళి ఉంటుంది. ప్రాణి ధర్మం తప్పవచ్చును గాని, నౌక నిబంధన తప్పరాదు.

నార్వే నౌకాదళంలో గ్రీమర్ అనే ఓడ ఫిరంగి కోసమే పుట్టింది. ముక్కున ఒకే ఒక మహాఫిరంగి. అది పక్కకు తిరగదు కనుక, గురి చూడాలంటే ఓడనే తిప్పాలి. (శత్రువు అంతసేపు ఆగడం మర్యాదగా భావించిన కాలమది.) యౌవనం ఉడిగాక ఆ ఫిరంగిని ఊడదీసి, వెనుక భాగాన పట్టాలు పరచి, సముద్రంలో మందుపాతరలు జారవిడిచే కొలువిచ్చారు. ముందుకు చూసి గర్జించవలసినది వెనుకకు గుడ్లు పెట్టవలసి వచ్చింది. ఇట్టి అవతారం పురాణాలలోనూ అరుదు.

కెప్టెన్ ఐలెర్ట్ తాంగ్విక్‌కు ఆ ఓడ ప్రాణసమానం. ఆయన పుట్టిన రేవు, భార్య, తెల్లని చర్చి, అన్నీ కొండల నడుమ చొచ్చుకొచ్చిన ఒక సముద్రపు పాయ చివర ఉన్నాయి. అవసరం పడిన నాడు, ఒకే ఒక్కసారి, ఆ పాయ నోరు మూయగలిగితే జన్మ ధన్యమని ఆయన నిత్యప్రార్థన.

అభ్యాసం ఖాళీ చేపపీపాలతో సాగేది. తొలి ఏడాదే ఒక పీపాకు తగులుకొని ఐలెర్ట్ పినతల్లి గుడ్లౌగ్ వల చిరిగింది. ఆమె జాలరుల సంఘానికి పెద్ద. ఓడ మీదికే వచ్చి, పెట్టిన కాఫీ తాపీగా తాగి, అప్పుడు అడిగింది.

"ఏరా అబ్బాయ్, దేశాన్ని కాపాడ్డానికి నీకు నా వలే దొరికిందీ?"

నౌకాశాఖ చలించింది. 'జలాంతర విఘ్న సూచక మండలి' అవతరించింది. జారవిడిచిన ప్రతి వస్తువుకూ నీటిపై తేలే బెండు తగిలించి, దానికి ఎర్రజెండా కట్టవలెనని శాసించింది. (ఎరుపు ఏ ఛాయలో ఉండవలెనో తేల్చుటకు ఉపమండలి.) నాటినుండి పీపా జార్చడం, జెండా కట్టడం గ్రీమర్ సిబ్బందికి ఉచ్ఛ్వాస నిశ్వాసలయ్యాయి. మరి ఒక్క వల చిరగలేదు. పిన్ని క్రిస్మస్‌కు క్రిస్మస్‌కూ ఎండుచేప పంపేది.

ఒక ఏప్రిల్ ఉదయాన కబురు వచ్చింది: పరాయి యుద్ధనౌకలు వస్తున్నాయి, పాయను మూయండి. ఈసారి పీపాలు కావు, అసలైన మందుపాతరలు. చెయ్యి చాస్తే చెయ్యి కనబడని పొగమంచులో సిబ్బంది మునుపెన్నడూ లేనంత చక్కగా పని ముగించారు. ఐలెర్ట్ టోపీ తీసి దేవునికి కృతజ్ఞతలు చెప్పుకొన్నాడు. మంచు పలచబడింది.

పాయకు అడ్డంగా, పెళ్ళిపందిరికి తోరణం కట్టినట్లు, ఎర్రజెండాలు రెపరెపలాడుతున్నాయి.

"జెండాలు ఎవరు కట్టమన్నారు?" అన్నాడు కెప్టెన్.

"వద్దని ఎవరన్నారండీ?" అన్నాడు వాటిని కట్టిన ముసలి సరంగు ఆన్‌ఫిన్. "రేపు వల చిరిగితే మీ పిన్నిగారికి మీరు చెప్పుకుంటారా, నన్ను పొమ్మంటారా?"

జెండాలు పీకుటకు చిన్నపడవ దింపుతుండగానే మలుపులో మొదటి యుద్ధనౌక కనిపించింది. అది వేగం తగ్గించింది, చూసింది, రెండు జెండాల నడుమనుండి సూదిలో దారంలా దూరింది. తక్కినవి దాని వెంటే. మధ్యాహ్నానికి తెల్లని చర్చి మీద పరాయి పతాకం ఎగిరింది. ఐలెర్ట్ దానిని గ్రీమర్ పైనుండే చూశాడు, అతని చేతిలో టోపీ అలాగే ఉంది.

రాజ్యం మారినా మండలి మారలేదు. ఆ వేసవిలో అవే కుర్చీలలో సమావేశమై, "సేవాకాలమంతటా ఏ వలకుగాని, ఏ నౌకకుగాని హాని చేయనందుకు" గ్రీమర్‌ను ప్రశంసించింది. పతకం తొడిగిన పరాయి సేనాని, ఆ ఎరుపు మంచులోనూ స్పష్టంగా కనబడిందని కెప్టెన్‌తో ప్రత్యేకంగా చెప్పి మెచ్చుకొన్నాడు.