మెత్తటి లెక్కల పుస్తకం

మా ఇంట్లో బనీన్లు మాయమవడం మొదలైన ఏడాదే మా ఆవిడ పుస్తకం మొదలుపెట్టింది. ఈ రెంటికీ సంబంధం ఉందని తెలుసుకోవడానికి, కాలేజీలో పాతికేళ్లు తర్కం చెప్పిన నాకు పదకొండు నెలలు పట్టింది.

ఆవిడ దర్జీ. ముప్పై ఏళ్లు ఆడవాళ్ల లోదుస్తులు కుట్టిన చెయ్యి. వాటి చరిత్రంతా గుడ్డ పేజీల మీద కుట్టి ఒక పుస్తకం చేసింది. మొదటి పేజీలో ఒట్టి గుడ్డపట్టీ. కొన్ని పేజీలు తిప్పితే ఊపిరాడనివ్వని బిగుతు కవచం, నిజంగానే లాగి ముడివేసే తాళ్లతో. ఆ తరవాత లేసులు, ఎలాస్టిక్కు. అట్టకి పన్నెండు హుక్కులు. చదవాలంటే ముందు అవి విప్పాలి.

నేను మూడో హుక్కు దగ్గరే చెమటలు పట్టి ఆగిపోయాను.

"పెళ్లయి ఇరవై ఎనిమిదేళ్లయింది, ఇంకా రాలేదా మీకు?" అంది.

ఆదివారం ఊరి లైబ్రరీలో దాని ప్రదర్శన. శనివారం పొద్దున్నే మా అక్క, ఇవాళే వస్తున్నానని ఫోను చేసింది. లెక్కల టీచరుగా రిటైరైన మా అక్కని పిల్లలు బెత్తం టీచరనేవాళ్లు. చిన్నప్పుడు చొక్కా కింద బనీను అంచు కనపడిందని నాచేత గోడకుర్చీ వేయించిన మనిషి. అక్క వెళ్లేదాకా పుస్తకం బీరువాలో పెట్టమని మా ఆవిడని బతిమాలాను.

"ఎందుకు? చరిత్రండీ అది."

"చరిత్రే. కాస్త లోపలి చరిత్ర."

"లోపల వేసుకోకుండా ఎవరు తిరిగారు? వదినగారితో సహా," అని నవ్వి, దారపుండల కోసం బజారుకి వెళ్లింది.

వెంటనే నేను పుస్తకానికి ఖాకీ కాగితం అట్ట వేసి, పైన 'ఉన్నత గణాంక శాస్త్రం, రెండో భాగం' అని రాశాను. రెండో భాగమంటే మొదటి భాగం చదవనివాళ్లు ముట్టుకోరని నా తర్కం. దాన్ని వరండాలో నా పాత పుస్తకాల పెట్టెలో దాచి, హాయిగా స్నానానికి వెళ్లాను.

ఆ పెట్టె లైబ్రరీకి ఇస్తానని నేనే మాటిచ్చాను. నేను తల రుద్దుకుంటుండగా వాళ్ల బండి వచ్చింది. బజారునుంచి తిరిగొచ్చిన మా ఆవిడే ఒక చెయ్యి వేసి పెట్టె ఎక్కించింది.

తరవాత పుస్తకం కోసం వెతికింది. నేను నిజం చెప్పాను. తిట్టలేదు. మిషను ముందున్న స్టూలు మీద కూర్చుని, "పదకొండు నెలలండీ," అంది. అంతే.

రెండు కాళ్లకి రెండు రకాల చెప్పులతో లైబ్రరీకి పరిగెత్తాను. మా ఆవిడ వెనకే వచ్చింది.

అక్కడ బల్ల చుట్టూ ఆడవాళ్లు. పన్నెండు హుక్కులూ విప్పి ఉన్నాయి. మధ్యలో కళ్లజోడు సర్దుకుంటూ మా అక్క. బస్సు దిగి తిన్నగా అక్కడికే వచ్చిందట.

"ఒరేయ్ తమ్ముడూ, ముప్పై అయిదేళ్లు లెక్కలు చెప్పాను. ఇంత మెత్తటి లెక్కల పుస్తకం ఎప్పుడూ చూళ్లేదురా."

అక్క తొమ్మిదో పేజీ తిప్పింది. తెల్లటి పాత బాడీ, చేత్తో వేసిన సన్నటి కుట్లు.

"ఇది అమ్మదిరా. నలభై ఏళ్లు నా పెట్టెలో దాచుకున్నాను. అడిగితే మీ ఆవిడకిచ్చాను. రేపు దీని గురించి మాట్లాడేది నేనే. నీకు చెబితే కంగారు పడతావని చెప్పలేదు."

ఆ కుట్ల మీద వేలు పెట్టాను. అమ్మ పోయాక అమ్మ చేతిపనిని తాకడం అదే మొదలు. పేజీ ఎందుకంత మెత్తగా ఉందని మెల్లగా అడిగాను.

"లోపల మీ బనీన్లున్నాయి," అంది మా ఆవిడ.

మా ఆవిడ పోయి నాలుగేళ్లయింది. పుస్తకం ఇప్పటికీ ఆ లైబ్రరీలోనే ఉంది. గుడ్డకి చెమ్మ పట్టకుండా నెలకోసారి గాలికి పెట్టాలి. ఆ పని నాకిచ్చారు, వాళ్ల దయ. పన్నెండు హుక్కులూ ఇప్పుడు చెమట పట్టకుండా విప్పగలను.

ప్రతిసారీ చివరి పేజీదాకా చూస్తాను. ప్రదర్శనకి ముందు రాత్రికి రాత్రి ఆవిడ చేర్చిన పేజీ అది. నా ఖాకీ కాగితాన్ని, నా చేతిరాతతో సహా, చుట్టూ లేసు వేసి కుట్టింది. కింద ఎర్రదారంతో రాసింది: 'అన్నిటికన్నా పైన వేసేది. మగవాళ్లు తయారుచేస్తారు. ఒక్క పూట కూడా ఆగదు.'