దిగితే సిగ్నల్ పోతది

మార్చి ముప్పై ఒకటిలోగా పిల్లల మనసుల్లోని దిగులును సమూలంగా నిర్మూలించాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. (నల్లుల నివారణకూ అదే గడువు. రెండింటికీ ఒకే రిజిస్టరు వాడుకోవచ్చని వెసులుబాటు ఇచ్చారు.) ములకలపల్లి దాటాక అడవి అంచున ఉన్న మా బాలికల హాస్టల్‌కు ఆ కాగితం ఫిబ్రవరి ఇరవైన చేరింది.

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషిని నేను. అచ్చయిన కాగితం అబద్ధం చెప్పదని నమ్మేదాన్ని. అందుకేనేమో, వార్డెన్ రాజ్యశ్రీ మేడం ‘మనోల్లాస బాధ్యురాలు’ అనే పదవి నాకు అప్పగించారు. లెక్కలు చెప్పడంతో పాటు హాజరు యాప్, కోడిగుడ్ల యాప్, మరుగుదొడ్ల యాప్ అప్పటికే నా చేతిలో ఉన్నాయి.

కాగితంతో పాటు పన్నెండు పోస్టర్లు వచ్చాయి. ‘బాధగా ఉందా? ఇప్పుడే ఫోన్ చెయ్యి!’ అని వాటి మీద ఒక నవ్వే పాప, కింద ఒక ఫోన్ నంబరు. నవ్వే పాపకు ఆ నంబరుతో ఏం పనో రాయలేదు. పోస్టర్లు అంటించి, ఫొటో తీసి, ట్యాంకు ఎక్కాను.

ట్యాంకు సంగతి చెప్పాలి. మా దగ్గర సిగ్నల్ నీళ్ల ట్యాంకు మీద తప్ప నిలబడదు. రోజూ తొమ్మిదిన్నరకు ఇనుప మెట్ల మీదుగా ఎక్కి హాజరు అప్‌లోడ్ చేస్తాను. రెండేళ్లుగా ఎక్కుతున్నా, నీకేం కష్టమొచ్చిందని నన్ను ఎవరూ అడగలేదు.

దిగి వచ్చేసరికి ఎనిమిదో తరగతి కమ్లి పోస్టరు ముందు నిలబడి ఉంది. జనవరిలో ఆమె పక్కన పడుకునే బాలిని ఇంటివాళ్లు మిరపకాయలు ఏరడానికి తోటలకు తీసుకుపోయారు. అప్పటినుంచి కమ్లి పేరు పిలిస్తే చెయ్యెత్తుతుంది, నోరు విప్పదు. సగం అన్నం పళ్లెంలోనే ఉంటుంది.

“మేడం, నిజంగ ఎత్తుతరా?” అంది.

నెల తర్వాత ఆమె నోటి వెంట విన్న మొదటి మాట అది.

“ఎత్తుతరే. ఇరవై నాలుగు గంటలు.”

నిబంధన ప్రకారం దిగులు నమోదు పత్రం ఇచ్చాను. దిగులు రకం దగ్గర ‘ఇతరములు’ మీద టిక్ పెట్టింది. మొదలైన తేదీ దగ్గర ‘బాలి పోయిన రోజు’ అని రాసింది. (తేదీ అంకెల్లో ఉండాలి. గతంలో దిగులుపడి ఉంటే దాని జిరాక్స్ జతచేయాలి.) రాజ్యశ్రీ మేడం పెద్ద మనసుతో సంతకం చేసి, బీరువాలోంచి హాస్టల్ ఫోన్ తీసి ఇచ్చారు.

కిటికీ దగ్గర రెండుసార్లు కట్ అయింది.

“ట్యాంకు మీద నాలుగు గీతలు వస్తయి,” అన్నాను. నిజం చెప్పడమే నా తప్పని తర్వాత విచారణలో తేలింది.

కమ్లి ఎక్కింది. స్పీకర్ పెట్టింది. తెలుగు కోసం ఒకటి, పద్దెనిమిదేళ్లలోపు వారైతే రెండు, దిగులుగా ఉంటే మూడు. మీ దిగులు మాకెంతో విలువైనది, లైనులో ఉండండి.

“మేడం, పాట వస్తంది!”

“ఉండు. పాట అయినంక మనిషి వస్తడు!”

సరిగ్గా అప్పుడే గేటులోకి జీపు వచ్చింది. పోస్టర్లు నిటారుగా అంటించామో లేదో చూడటానికి జిల్లా దిగులు నివారణాధికారి జయప్రకాశ్ గారు స్వయంగా వచ్చారు. తల పైకెత్తి, అక్కడే ఆగిపోయారు.

“అమ్మా, తొందరపడకు! నీకేం కష్టం వచ్చిందమ్మా?”

“అది చెప్పడానికే ఫోన్ చేస్తున్న సార్!”

“ముందు దిగు! దిగినాక మాట్లాడుకుందాం!”

“దిగితే సిగ్నల్ పోతది సార్!”

“పరుపులు తెండి! కింద పరుపులు పరవండి!” అని సార్ కేక వేశారు.

“పరుపులు లెవ్వు సార్,” అన్నాడు వాచ్‌మన్ తిరుపతి. “చాపలున్నయి. తెమ్మంటరా?”

(హాస్టల్‌లో పరుపులు లేవని వారికి తెలిసింది అప్పుడే. అందువల్ల తనిఖీ పూర్తిగా వృథా పోలేదు.)

సార్ కనుసైగ చేశారు. తిరుపతి చెప్పులు విడిచి, వెనక నుంచి మెట్లు ఎక్కాడు. పైన పాట ఆగింది. “హలో, చెప్పమ్మా,” అని ఆడగొంతు వినిపించింది.

“మేడం, మనిషి వచ్చింది!” కమ్లి ముఖం వెలిగింది. “హలో... నా పేరు కమ్లి. మా బాలి ఉండె గదా...”

తిరుపతి ఫోన్ లాక్కున్నాడు. కింద అందరూ చప్పట్లు కొట్టారు.

దిగినాక కమ్లి సార్ ముందుకు వచ్చి నిలబడింది. దిగినాక మాట్లాడుకుందామన్నారు కదా. సార్ ఆమె చేతిలో ‘మనసు విప్పి మాట్లాడుదాం’ కరపత్రం పెట్టి, మణుగూరులో భోజనాల వేళ మించిపోతోందని జీపు ఎక్కారు.

ముగ్గురు సభ్యుల కమిటీ రెండు రోజులు విచారించి, నా మాట తప్పయినా ఈ ఘటనకు అసలు కారణం ఇనుప మెట్లేనని తేల్చింది. కింది ఎనిమిది మెట్లు కోయించారు. హాజరు ఆగకూడదు కనుక వెదురు నిచ్చెన ఒకటి మంజూరైంది. అది వార్డెన్ గదిలో తాళం కింద ఉంటుంది. హాజరు, కోడిగుడ్లు, మరుగుదొడ్లు, ఈ మూడు అవసరాలకే దాన్ని బయటికి తీయాలి.

ఒక సాయంత్రం కమ్లి నా దగ్గరికి వచ్చింది. “మేడం, మీతోనే చెప్పనా?”

శిక్షణ లేని సిబ్బంది పిల్లల మనసు విషయాలు వినరాదని ఉత్తర్వులో ఏడో పేరా.

“జూలైల నాకు ట్రైనింగ్ ఉందంట కమ్లీ.”

“అప్పటిదాక ఆగాల్నా మేడం?”

“మర్చిపోకుండ రాసి పెట్టుకో,” అన్నాను.

మార్చి ముప్పై ఒకటి నాటికి మా హాస్టల్ నుంచి ఆ నంబరుకు మరొక్క ఫోన్ కూడా వెళ్లలేదు. జిల్లాలో మొట్టమొదటి దిగులు రహిత హాస్టల్‌గా మాకు ప్రశంసాపత్రం వచ్చింది. దాని ఫొటో అదే రోజు పంపాలన్నారు. నాలుగో అవసరంగా రాయించుకుని నిచ్చెన తీయించాను. తిరుపతి సెలవులో ఉన్నాడు.

ట్యాంకు మీద నాలుగు గీతలూ ఉన్నాయి. కింద నిచ్చెన కదలకుండా పట్టుకున్నది కమ్లి.

“పైలంగ మేడం,” అంది. “నిమ్మళంగ పంపుండ్రి. నేను పట్టుకున్న.”

పిల్ల ఇప్పుడు బాగా మాట్లాడుతోందని నివేదికలో చేర్చాను.