విత్తనాల ఆఫీసులో కంప్యూటర్ల పందెం

వాన కన్నా కంప్యూటరే రైతుకు ఎక్కువ మేలు చేస్తుందంటే మీరు నవ్వుతారు. నవ్వండి. వాన ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. కంప్యూటరు మాత్రం పొద్దస్తమానం ఆఫీసులోనే ఉంటుంది, ఫ్యాను కింద!

ఈ ఏడు ముంగారు వాన, అదే తొలకరి, బాగానే పడింది. వేరుశనగ విత్తడానికి చేనులో పదును కుదిరింది. రెండు ఎండలు గట్టిగా కాస్తే ఆ పదును ఆరిపోతుంది. సర్కారు ఇచ్చే విత్తనం కాయల కోసం అందరం మండలాఫీసుకు పోయాం. అక్కడ ముద్ర వేసి చీటీ ఇస్తే, అది చూసి గోడౌనులో కాయలిస్తారు. మా పక్క చేను గంగులమ్మ కూడా వచ్చింది. ఆమెకున్నది ఒక్క చెక్క నేల. విత్తుదామంటే ఇంట్లో ఒక్క కాయ లేదు.

పోయేసరికి అక్కడ పందెం!

తిరుపతి నుంచి కంపెనీ మనిషి సునీల్‌కుమార్ ఒక పెద్ద పెట్టె తెచ్చాడు. ఒకే పెట్టెలో నాలుగు ప్రాసెసర్లట. ఆఫీసు ఆపరేటరు దయానంద్ ఒప్పుకోలేదు. ఉన్న డెస్క్‌టాపులు నాలుగింటినీ వైరుతో కలిపి పని పంచితే, అవి ఆ పెట్టెను మించిపోతాయన్నాడు. కొనాలా వద్దా తేలాలి కదా? మండలంలోని రైతుల పేర్లన్నీ రెండింటికీ ఇచ్చారు. ఎవరి చీటీలు ముందు తయారైతే వాళ్ళు గెలిచినట్టు.

ప్రాసెసరంటే తెలీకపోతే దిగులుపడకండి. పెద్ద పెట్టె ఉమ్మడి సంసారం. నలుగురు కోడళ్ళు ఒకే వంటింట్లో చకచకా వండుతారు. ఉప్పు డబ్బా మాత్రం ఒక్కటే. అది ఒకామె చేతిలో ఉంటే మిగతా ముగ్గురూ గరిటె పట్టుకుని నిలబడాలి. డెస్క్‌టాపులు వేరుకాపురాలు. ఎవరి ఉప్పు వాళ్ళదే. అయితే ఎవరేం వండారో ఒకరి గడపకొకరు పోయి చెప్పుకోవాలి. ఆ తిరుగుడుకే సగం పొద్దు! పైగా అందరికన్నా నిదానం ఇల్లాలు కుండ దించేదాకా ఎవరికీ విస్తరి పడదు.

ఇంత జ్ఞానం ఏ వానైనా ఇస్తుందా?

వక్క నమిలి ఉమ్మేలోగా పెద్ద పెట్టె గెలిచింది. పని పంచడంలో తేడా వచ్చిందని దయానంద్ మళ్ళీ పంచాడు. ఈసారి డెస్క్‌టాపులు గెలిచాయి, ఒక్క తుమ్మంత ముందు. సునీల్‌కుమార్ పేర్లు పెంచమన్నాడు. మధ్యాహ్నానికి పక్క మండలం రైతులకు కూడా చీటీలు తయారయ్యాయి, పాపం వాళ్ళు అడక్కుండానే!

మా చీటీలు బల్ల మీద దొంతరగా ఉన్నాయి. వాటినే చూస్తూ గంగులమ్మ దయానంద్‌ను అడిగింది.

"ఏమప్పా, ఈ రెండిట్లో ముద్దర ఏసేది యాది?"

"ముద్దర మిషను ఎయ్యదవ్వా. ఆఫీసరు సారే ఎయ్యాల."

"సారు యాడుండాడు?"

"రేణిగుంటకు పొయ్యుండాడు. విమానంలో పెద్దోళ్ళు దిగతాండారు, దర్శనం చేయించాల. ముద్దర బీరువాలో ఉండాది. బీగాలు సారు జోబీలో ఉండాయి."

ఆమె బయటి ఎండ చూసింది.

"నీ మిషన్లు ఎంత బిరబిరా పరిగెత్తతాండాయో, మా చేనూ అంతే బిరబిరా ఆరతాండాదప్పా," అన్నది.

కొండ కింద ఆఫీసుల్లో ఇది మామూలే. రోజుకొక పెద్దమనిషి దిగుతాడు. ఆయన వెంట సారు పోతాడు. అదేమని అడిగితే దేవుడికి అడ్డం పడినట్టు!

కాబట్టి సర్కారు వారికి నా విన్నపం. ఏ పెట్టె కొన్నా సరే, రెండూ మంచివే. ఆ నాలుగు ప్రాసెసర్లను మాత్రం పెట్టెలో వృథా చేయకుండా మా సారుకు బిగించండి. ఒకటి రేణిగుంటలో దండ వేస్తుంది. ఒకటి అలిపిరిలో కారు ఆగకుండా చూస్తుంది. ఒకటి కొండ మీద చేతులు కట్టుకుని నిలబడుతుంది. మిగిలిన ఆ ఒక్కటీ కుర్చీలో కూర్చుని మాకు ముద్ర వేస్తుంది.

సారు మూడోనాడు వచ్చాడు. అందరికీ లడ్డూ పంచి, చీటీలన్నిటి మీదా ముద్రలు కొట్టాడు. లడ్డూ కళ్ళకద్దుకుని తిన్నాం. అప్పటికే చేను గట్టిపడి గుంటక దిగలేదు. మళ్ళీ పదునయ్యేసరికి వేరుశనగకు అదను దాటిపోయింది.

గంగులమ్మ ఆ చేనులో ఉలవలు చల్లింది. ఉలవలకు ముద్ర అక్కర్లేదు.