గద్దకన్ను వేసిన జైలుశిక్ష

"నా కంటినుంచి తప్పించుకున్న నేరస్థుడు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు బావా," అంటూ మా బావమరిది ప్రెస్సులోకి అడుగుపెట్టాడు. నిజమే, వాడు ఇంతవరకూ ఎవరినీ వెతికింది లేదు. తనకు తానే 'గద్దకన్ను' అని బిరుదు తగిలించుకున్నాడు గానీ, కళ్లజోడు తీస్తే తలుపేదో గోడేదో తెలియదు.

నేను తల పట్టుకుని కూర్చున్నాను. స్కూలు పుస్తకం ప్రూఫు సాయంత్రంలోగా వాళ్ల ఆఫీసుకు మెయిల్లో చేరాలి. చేరకపోతే పని వేరే ప్రెస్సుకు పోతుంది, నా ప్రెస్సుకు తాళం పడుతుంది. పంపిన మెయిలల్లా తిరిగొస్తోంది.

"తిరిగొచ్చినదాంట్లో ఏం రాశారు?"

"మీ పేరుతో మెయిల్ పంపడానికి ఈ కంపెనీకి అనుమతి లేదు, ఇంటర్నెట్లో మీ పేరు నమోదై ఉండే డీఎన్ఎస్ సెట్టింగులు చూసుకోండి అని. మెయిల్ కంపెనీని మొన్ననే మార్చాం కదా."

"అమాయకుడివి బావా. అది హంతకుడు కావాలని వదిలిన తప్పుడు ఆధారం."

"హంతకుడేమిట్రా, చచ్చిందెవరు?"

"ప్రస్తుతానికి మెయిలు."

భూతద్దంతో రౌటర్‌ని పరీక్షించాడు. మిషన్ ఆపరేటర్‌ని నిలదీశాడు.

"నిన్న మధ్యాహ్నం ఎక్కడున్నావ్?"

"మీ ఎదురుగానే సార్. కేసుల గురించి చెప్తూ నన్ను కదలనిచ్చారా?"

వాడి మీద అనుమానం వాయిదా వేసి, నా కుర్చీ లాక్కుని డీఎన్ఎస్ పేజీ తెరిచాడు. ఒకచోట పాత కంపెనీ పేరు కనబడింది. వాడి మొహం వెలిగిపోయింది.

"బావా, మనం తరిమేసినవాడు ఇక్కడున్నాడు. అంటే ఇది జైలు. కొత్తవాడు మాత్రం దర్జాగా బయట తిరుగుతున్నాడు."

"ఒరే, దాన్ని ముట్టుకోకురా నీకు పుణ్యముంటుంది."

అప్పటికే కొత్త కంపెనీ చిరునామా దాని పక్కన చేర్చి, సేవ్ కొట్టేశాడు. "లోపల వేశాను. ఇక టీ చెప్పు."

టీ తాగి, ఆశ చావక ప్రూఫు మళ్లీ పంపాను. తిరిగి రాలేదు. కాసేపటికి స్కూలు క్లర్కు ఫోన్ చేసింది. "ప్రూఫు అందిందండీ. బాగుంది, అచ్చు వేసేయండి."

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అప్పుడు చూశాను ఆ పేజీని సరిగ్గా. అది జైలు కాదు, మా పేరుతో మెయిళ్లు పంపడానికి ఎవరెవరికి అనుమతి ఉందో లోకానికి చెప్పే చోటు. మేం కొత్తవాళ్లను అందులో చేర్చడమే మరిచిపోయాం.

"చూశావా, లోపల వేయగానే దారికొచ్చాడు," అన్నాడు గద్దకన్ను జాలిగా. "పాపం, బుద్ధొచ్చింది కదా, విడిచిపెట్టేస్తా." వేలు డిలీట్ మీదికి పోతోంది.

గభాలున వాడి చెయ్యి పట్టుకున్నాను.

"వద్దురా నాయనా. యావజ్జీవం వెయ్యి."